ఎనిమిదో బెజ్జం

టిసా నది పొగమంచు
మా కొలిమి గుమ్మం దాకా పాకివచ్చిన
అక్టోబరు పొద్దున
బెర్తలాన్ వచ్చి రంపం అడిగాడు.
"నొగలు కోసెయ్, ఎతెల్కా.
విల్లాం పోయాడు. ఇది పొట్టిది."

విల్లాం అంటే మెరుపు.
మైదానంలో విసిరేసినట్టున్న ఇళ్ళకి
పదిహేడేళ్ళు, వేడి చల్లారకముందే
రొట్టె చేర్చిన గుర్రం.
దాని ఎత్తుకి వంచిన నొగలు
ఇప్పుడు ఈ ఆడగుర్రం పక్కన
పెద్దన్న చొక్కా చేతుల్లా వేలాడుతున్నాయి.
దీని పేరు ప్రుచ్చోక్. కీచురాయి.

బండి పెట్టె ముందుకి వాలింది.
రొట్టెలన్నీ ఒక మూలకి జారాయి.
వాటి బరువూ బెర్తలాన్ బరువూ
కీచురాయి వెన్ను మీద.

"కోస్తే పొట్టివవుతాయి, కిందికి దిగవు.
రేపు నువ్వు ఇంకోటి కొంటే?
కోసిన కర్రకి తోక మొలుస్తుందా?"
మూడు వారాల గడువు అడిగాను.
మూడు రోజులన్నాడు.
ఆరు వారాలు పట్టింది.

మొదట మర చేశాను.
ఇటు తిప్పితే దిగుతుంది, అటు తిప్పితే లేస్తుంది,
వెంట్రుకవాసి తేడా కూడా పట్టే మర.
బల్ల మీద ముద్దొచ్చింది.
దారిలో ఇసుక తింది, మంచు తాగింది,
నాలుగో పొద్దుకి నోరు మూసుకుంది.

తర్వాత శీల. వదులుగా, చేతికి తేలిగ్గా.
మాకు వినపడని టిక్కుటిక్కు
ప్రుచ్చోక్‌కి వినపడింది.
చెవులు వెనక్కి మడిచి
వంతెన నడుమ నిలబడిపోయింది.
ఆ రోజు పన్నెండిళ్ళలో
నిన్నటి రొట్టె తిన్నారు.

గుర్రం అర్జీ పెట్టుకోదు.
నడక తప్పుతుంది, అంతే.

గీతలు మానేశాను.
తెల్లారి నాలుగింటికి అతని పక్కన బండెక్కాను.
చీకటి. చేతులకి గొర్రెతోలు తొడుగులు.
కుడి తొడుగులో ఒక వేలు ఖాళీగా మడతపడింది.
ఎప్పుడో తాడు మెలికలో పోయిందట.
ఇరవయ్యేళ్ళుగా ఆ చెయ్యి
నా చేతిలో డబ్బులు లెక్కపెడుతూనే ఉంది.

అప్పుడు పట్టా చేశాను, ఇనపది.
బెజ్జానికీ బెజ్జానికీ మధ్య
తొడుగుతో సహా అతని బొటనవేలంత ఎడం,
చీకట్లో తడిమి లెక్కపెట్టుకోడానికి.
శీలకి గుప్పెడు పట్టే వలయం.
శీల మెడకి తోలు బిళ్ళ, సవ్వడి మింగడానికి.
జారిపడితే మంచులో వెతక్కుండా చిన్న గొలుసు,
మా అమ్మమ్మ కళ్ళజోడుకి ఉన్నట్టు.

ఏడు బెజ్జాలు చాలు.
కాని ఆ సాయంత్రం రేడియోలో ఫుట్‌బాల్.
ఎవరో గోల్ కొట్టారు,
నేను ఎనిమిదోది కొట్టాను.
పట్టా అడుగున,
ఏ గుర్రానికీ పనికిరాని చోట.

ప్రుచ్చోక్‌ని కట్టాం. మూడో బెజ్జం.
నొగ కింద ఒక్క వేలు పెట్టి ఎత్తాను.
లేచింది.
వదిలాను. పడలేదు,
వారు ఉంగరంలో ఊరికే ఆనుకుని ఉండిపోయింది.
ప్రుచ్చోక్ తుమ్మింది.
అదే రసీదు అనుకున్నాను.

"మరి ఇదెందుకు?"
బెర్తలాన్ అడుగు బెజ్జంలో వేలు పెట్టాడు.
"తర్వాతకి," అన్నాను,
అప్పటికే శుభ్రంగా ఉన్న సుత్తిని తుడుస్తూ.

డిసెంబరులో దానికి లాంతరు తగిలించాడు.

ఇప్పుడు తెల్లవారుజామున కిటికీలోంచి చూస్తే
మైదానం మీద ఒక వెలుగు వెళ్తుంటుంది.
దారం గుంజి కట్టినట్టు తిన్నగా సాగితే
శీల సరైన చోట ఉన్నట్టు.
మళ్ళీ పడుకుంటాను.

నిన్న కొంచెం ఎగిరెగిరి పడింది.
పండగ రొట్టెలు, గసగసాల చుట్టలు,
వెనకవైపు ఎక్కువ ఎక్కించి ఉంటాడు.
ఒక్క బెజ్జం, బెర్తలాన్, ఒక్క బెజ్జం,
అన్నాను దుప్పట్లోంచే.

వంతెన దగ్గర వెలుగు ఆగింది.
పాలు పొంగేంతసేపు ఆగింది.
కదిలింది.